పెద్ద వాల్వులు తీసేశాక

తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న ఆ ఏళ్లలో మా ఆఫీసు బ్యాండుకు ప్రాక్టీసు కుదిరేది బంద్ రోజుల్లోనే. మామూలు రోజుల్లో గచ్చిబౌలిలో పని ముగించుకుని కొత్తగూడలో నేనుండే చోటికి చేరేసరికి ఎవరికీ ఓపిక ఉండేది కాదు. బంద్ అనగానే కంపెనీ బస్సులు ఆగిపోయేవి, శనివారం వచ్చి ఈ పని పూడ్చాలని మెయిల్ వచ్చేది, మేం నలుగురం నా అద్దె ఫ్లాటులో చేరేవాళ్లం. కింద రోడ్డు మీద జనం నినాదాలు ఇస్తూ నడిచిపోతుంటే మేం కిటికీలు బిగించుకుని హిందీ ప్రేమపాటలు వాయించుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది. అప్పుడు మాత్రం హాయిగానే ఉండేది. ఆ సంగతి దాచి మిగతాది రాయడంలో అర్థం లేదు.

నాది గుంటూరు వైపు. బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాణ్ణి. చదివింది ఎలక్ట్రానిక్స్ కాబట్టి వైర్లు తెగితే అతకడం, స్పీకరు బొంగురుపోతే విప్పి చూడటం కూడా నా పనే. మా గిటారిస్టు వరంగల్ దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. మా కంపెనీలోనే టెస్టింగ్ టీములో పనిచేసేవాడు. నాకంటే కొంచెం చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను వేళాకోళంగా మాస్టారూ అనేవాణ్ణి. మా అందరిలో సంగీతం నిజంగా తెలిసినవాడు అతనొక్కడే. చాలా బాగా వాయిస్తావని అతనితో తరచూ అనేవాణ్ణి. మిగతా ముగ్గురం వారమంతా కీబోర్డు కొట్టిన విసుగును వాద్యాల మీద తీర్చుకునేవాళ్లం.

అతని దగ్గర ఒక వాల్వు యాంప్లిఫైయర్ ఉండేది. సికింద్రాబాద్‌లో ఏదో హోటల్ బ్యాండు మూతపడినప్పుడు కొనుక్కున్నాడు. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు కొందరికి గుర్తుండే ఉంటాయి. దీని వెనకాల అలాంటివే, కాకపోతే బాగా పెద్దవి, రెండు ఉండేవి. స్విచ్ వేశాక అవి కాస్త వేడెక్కి ఎర్రబడే దాకా శబ్దం రాదు. అంతసేపూ అతను ఓపిగ్గా దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. వేడెక్కాక తీగ మీటితే ఆ నాదం శుభ్రంగా, గట్టిగా, గదిలో ఒక మనిషి లేచి నిలబడి మాట్లాడినట్టు ఉండేది.

పాటలు మొదలుపెట్టే ముందు చేతులు వదులు చేసుకోవడానికి అతను ఎప్పుడూ ఒకే వరస వాయించేవాడు. అది వాళ్లన్న సభల్లో పాడే పాట వరస. వాళ్లన్న ప్రభుత్వ బడిలో టీచరు, తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మెలో ఉన్నాడు. డప్పు దళం ఒకటి కట్టి ఊరూరా తిరిగి ఉద్యమం పాటలు పాడేవాడు. తమ్ముడు వాయించగా ఆయన ఎన్నడూ వినలేదు.

"మా అన్నకు గిటార్ అంటే టింగుటింగు అన్నా. ఇంగ్లీషు పాటల డబ్బ అంటడు. ఒక్కసారి ఆయన పక్కకు నిలబడి వాయించాలె. ఇగ జిందగీల మళ్ల ఆ మాట అనడు," అనేవాడు మా గిటారిస్టు.

ఆఫీసులో అతను ఇలా మాట్లాడేవాడు కాదు. అక్కడ మాలాగా "వచ్చానండి, చూస్తానండి" అనేవాడు. మా టీములో ఒకడు ఊరికే "ఏంది గిట్ల జేస్తున్నవ్" అని సాగదీసి పలికి నవ్వించేవాడు. నవ్వేవాళ్లలో నేనూ ఉండేవాణ్ణి. మా గిటారిస్టు కూడా ఉండేవాడు. ఒకసారి నా ఫ్లాటుకు వచ్చి కుర్చీలో కూలబడి, "అన్నా, దినమంత మీ తీరు మాట్లాడి దవడలు గుంజుతున్నయ్. జర ఈడనన్న నా తీరు మాట్లాడనియ్యి," అన్నాడు. దానికీ నేను నవ్వాను. అదొక మంచి జోకనుకున్నాను.

ఒక బంద్ రోజు ప్రాక్టీసు అయ్యాక మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు వచ్చారు. రిటైరైన ఉద్యోగి, మా వైపు ఆయనే. గుమ్మంలో నిలబడి, లోపల గిటార్ సర్దుకుంటున్న అతనివైపు ఓ చూపు చూసి, నన్ను లిఫ్టు దాకా తీసుకెళ్లారు.

"మీరు కుర్రాళ్లు, పాడుకోండి, కాదనను. సౌండే కాస్త ఎక్కువవుతోందండి," అన్నారు.

"తగ్గిస్తామండి."

"సౌండ్ అంటే సౌండ్ కాదనుకోండి. మొదట్లో అబ్బాయి ఒకటి వాయిస్తాడు చూశారూ, అదండీ. ఫ్లాట్లలో అంతా మనవాళ్లే. ఎందుకండీ లేనిపోని తలనొప్పి?"

"నేను చూసుకుంటానండి," అన్నాను.

ఆ 'మనవాళ్లే' అన్న మాట ఆయన ఎంత తియ్యగా అన్నారో, నేనంత తియ్యగానే తలూపాను. ఫ్లాటులోకి తిరిగి వచ్చాక, "ఆయన ఏమన్నడన్నా?" అని అడిగాడు అతను. "సౌండ్ ఎక్కువైందట," అన్నాను.

వరస సంగతి చెబితే అతను నేరుగా సెక్రటరీ గారి తలుపు తట్టేవాడు. అప్పుడు నేను ఎటోవైపు నిలబడాల్సి వచ్చేది. ఎటూ నిలబడకుండా పని జరిగే ఉపాయం కోసం వెతికాను. ఉపాయం నా చదువులోనే దొరికింది.

పెద్ద వాల్వులు ఉండే చోట చిన్న వాల్వులు పెట్టుకోవడానికి అడాప్టర్లు దొరుకుతాయి. చూడటానికి లోహపు గిన్నెల్లా ఉంటాయి. కింద కాళ్లు పెద్ద వాల్వు సాకెట్లో కూర్చుంటాయి, పైన బెజ్జాల్లో చిన్న వాల్వు కూర్చుంటుంది. చిన్నదానికి కావలసిన సర్దుబాట్లు ఆ గిన్నెలోనే ఉంటాయి కాబట్టి యాంప్ విప్పి లోపల వైర్లు మార్చే పని ఉండదు. దాంతో యాంప్ బలం సగానికి సగం పడిపోతుంది. అంత మాత్రాన సగమే వినిపిస్తుందని కాదు. చెవికి కొంచెమే తగ్గినట్టుంటుంది. అసలు తేడా వేరే. శుభ్రమైన నాదం తొందరగా అయిపోతుంది. ఇంకా పెంచితే పెరగదు, స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బురదవుతుంది. చిన్న గదిలో ఆ బురద కూడా ఇంపుగానే ఉంటుంది. చాలామంది గిటారిస్టులు దానికోసమే వాటిని పెట్టుకుంటారు కూడా. అడాప్టర్లలో తప్పేమీ లేదు.

పని మీద విదేశం వెళ్లిన ఒక సహోద్యోగితో తెప్పించాను. వాటిని బిగించేటప్పుడు, "గదికోసం పెడుతున్నాను, కావాలంటే నిమిషంలో తీసేయొచ్చు," అంటే సరిపోయేది. నేను అలా అనలేదు.

"మాస్టారూ, ఈ పెద్ద వాల్వులు ముసలివైపోయాయి. కరెంటు విపరీతంగా లాగుతున్నాయి. ఇలాగే వాయిస్తే యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అది పోతే ఈ ఊళ్లో దొరకదు," అన్నాను.

అబద్ధం. ఆ వాల్వులు నిక్షేపంగా ఉన్నాయి. నేనే మీటరు పెట్టి చూశాను. గదికోసమని చెబితే ఎందుకని అడుగుతాడు, అడిగితే సెక్రటరీ గారి దాకా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఇక మాట ఉండదు. తెలియని మనిషిని తెలిసిన మాటతో భయపెట్టడం ఎంత తేలికో ఆ రోజు అర్థమైంది. అర్థమై సిగ్గు కలగలేదు, నా తెలివికి నేనే మురిశాను. ఇన్నేళ్ల తర్వాత ఎక్కువ బాధపెట్టేది అబద్ధం కంటే ఆ మురిపెమే.

అతను చిన్న వాల్వులతో వాయించి, మొహం అదోలా పెట్టాడు. "ముక్కుల నుంచి పాడినట్టున్నదేందన్నా?"

"అలవాటవుతుంది. యాంప్ బతకాలి కదా."

"గంతే మరి. నువ్వు చెప్పినవంటే గంతే," అన్నాడు.

అలవాటు చేసుకున్నాడు. సెక్రటరీ గారు లిఫ్టులో కనబడితే నవ్వేవారు. ఆ ముక్కు గొంతులో అదే వరస వాయించినా పక్క ఫ్లాటులో ఏ పాటో పోల్చుకునేలా ఉండేది కాదు. నాకు అంతా సర్దుకున్నట్టే ఉండేది. పెద్ద వాల్వులు పాత టీషర్టులో చుట్టి నా బీరువాలో పెట్టుకున్నాను.

సమ్మె ముదిరాక ఐటీ ఉద్యోగులు కూడా ఒక ఆదివారం రాయదుర్గం వైపు రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మధ్యలోనే పొయ్యి పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని, అక్కడే పాటలు పాడి నిరసన తెలపడం ఆ ఉద్యమపు పద్ధతి. మా గిటారిస్టు ఆ వార్త పట్టుకుని నా ఫ్లాటుకు పరుగెత్తుకొచ్చాడు.

"మా అన్న దళమే వస్తున్నదన్నా! నేను పక్కకు వాయిస్తనని జబాన్ ఇచ్చిన. మైకు ఒక్కటే, అది అన్నకే. నాకు యాంపే దిక్కు. జర ఆ పెద్ద వాల్వులు పెట్టియ్యి. ఒక్క పూట."

"ట్రాన్స్‌ఫార్మర్ పోతుందని చెప్పాను కదా."

"పోతే పోనీ తియ్యి. మా అన్న ఇన్నంక పోతే నాకు ఫికర్ లేదు."

అంత మాటన్నాడు. అప్పుడు నేను చేయాల్సింది బీరువా తెరవడమే. కానీ పెద్ద వాల్వులు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలదు. కాలకపోతే నా అబద్ధం తేలిపోతుంది. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్న ఆలోచన ఇదొక్కటే. తర్వాత చాలాకాలం, ఆ రోజుల్లో మావాళ్లందరికీ ఉన్న భయమే నాచేత అలా చేయించిందని నాకు నేను చెప్పుకున్నాను. మనల్ని వెళ్లగొడతారట అన్న మాట అప్పుడు ఆఫీసు క్యాంటీనులో రోజూ వినబడేది. భయం నాకూ ఉండేది, నిజమే. ఆ మధ్యాహ్నం మాత్రం అది గుర్తుకే రాలేదు. రాష్ట్రం ఒకటిగా ఉన్నా రెండైనా, నేను దొరికిపోకూడదు. అంతే.

"అవి పారేశాను," అన్నాను.

"నీ యవ్వ, ఒక్క మాట అడగకపోతివన్నా," అని, వెంటనే తనే సర్దుకుని, "సరే, నీకేం ఎరుక గిట్లయితదని. చిన్నయితోనే గుంజుదాం," అన్నాడు. నన్ను అనుమానించడం అతనికి చేతకాలేదు.

ఆదివారం యాంప్‌ను ఆటోలో ఎక్కించుకుని ఇద్దరం వెళ్లాం. నేను రానంటే బాగుండదని వెళ్లాను. మెడలో ఆఫీసు ట్యాగులు వేసుకున్న అమ్మాయిలూ అబ్బాయిలూ రోడ్డు మధ్య ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. ఇటుకల పొయ్యి మీద పెద్ద గుండిగలో బగారన్నం ఉడుకుతోంది. వాళ్లన్న బక్కపలచని మనిషి. భుజం మీద కండువా, చేతిలో డప్పు. తమ్ముణ్ణి చూడగానే, "ఏం ఇంజినీర్ సాబ్, నీ టింగుటింగు తెచ్చినవా?" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా గిటారిస్టు కూడా నవ్వాడు, కానీ వైరును మొదటిసారి తప్పు బెజ్జంలో గుచ్చాడు. నేను చూశాను.

పక్కన టీకొట్టు వాళ్లు కరెంటిచ్చారు. పాట మొదలైంది. ముందు వాళ్లన్న ఒక్కడే గొంతెత్తి పాడుతుంటే, వెనకాల గిటార్ సన్నగా, శుభ్రంగా వినిపించింది. జనం తల తిప్పి చూశారు. వాళ్లన్న కూడా చూశాడు. ఆ కొద్దిసేపూ మా గిటారిస్టు మొహంలో వచ్చిన వెలుగు చూసి, ఏమీ కాదులే, గట్టెక్కేశాం అనుకున్నాను.

అప్పుడు డప్పులు అందుకున్నాయి. గిటార్ ఒక్కసారిగా మునిగిపోయింది. అతను వంగి నాబ్ తిప్పాడు. శబ్దం పెరగలేదు, బురదైంది. ఇంకా తిప్పాడు. స్వరాలన్నీ కలిసి ఒకటే రొద. తీగల్ని గోళ్లు ఊడిపోయేలా మీటుతున్నాడు. వేళ్లు కనిపిస్తున్నాయి, నాదం లేదు. ఆ వరసలో ఎక్కడ ఏ స్వరం పడుతుందో వినీ వినీ నాకు తెలుసు కాబట్టి, వేళ్లను చూస్తూ మనసులో వినగలిగాను. అంత బాగా అతను ఎప్పుడూ వాయించలేదు.

మధ్యలో తలెత్తి నావైపు చూశాడు. వినబడుతుందా అని కళ్లతోనే అడిగాడు. నేను బొటనవేలు పైకెత్తి చూపించి, నవ్వాను.

పాట అయ్యాక వాళ్లన్న చెమట తుడుచుకుంటూ వచ్చి, "తమ్మీ, నీ ఏళ్లయితె మస్తు ఉరికినయ్ గని సప్పుడేదిరా? దోమ తిరిగినట్టున్నది," అన్నాడు. పక్కనున్న డప్పాయన, "సాఫ్ట్‌వేరోళ్లది గదనే, సప్పుడు గూడ సాఫ్టే," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అందులో కోపం లేదు, ద్వేషం లేదు. తమ్ముడి భుజం మీద చెయ్యేసి, "ఏం గాదు తియ్యి, పా, అన్నం తిందాం," అన్నాడు వాళ్లన్న. అంత ప్రేమగా అన్నందుకు అది ఇంకా లోతుగా దిగి ఉంటుంది.

ఆయనే స్వయంగా నాకు విస్తరాకులో అన్నం పెట్టి, పైన ఆలుగడ్డ కూర వేశాడు. నా మాట విని నాది ఎటువైపో పోల్చుకుని, "తిను తమ్మీ. గుంటూరోళ్లు గదా, మీకు కారం సాలదేమో," అని ఇంకో గరిటె వేశాడు. కమ్మగా ఉంది. మొదటి ముద్దను నమిలిందే నమిలాను. ఎవరి పాటను నొక్కేశానో వాళ్ల అన్నం అది. చివరిదాకా తిన్నాను. వదిలేస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారని తిన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో యాంప్ మా ఇద్దరి మధ్య ఉంది. కొత్తగూడ చౌరస్తా దగ్గర అతను నోరు విప్పాడు.

"యాంప్‌ది తప్పు కాదన్నా. నా చేతులల్లనే దమ్ము లేదు. మా అన్న చేతులు జూసినవా, డప్పు మీద పడుతుంటె? నేను రూములల్ల వాయించెటోణ్ణి. గంతే నా కత."

"అదేం కాదు మాస్టారూ," అన్నాను.

"గిటార్ ఎవరికన్న ఇచ్చేస్త. రోజంత కూసోని నేర్సుకుంటున్న పోరలు మస్తు మంది ఉన్నరు. అసొంటోళ్లకు పనికొస్తది."

మాట తేలిగ్గా అన్నాడు, కానీ అతను ఊరికే అనే మనిషి కాదు. ఆ వారమంతా ఆఫీసులో ఎదురుపడినప్పుడల్లా వాతావరణం గురించీ లంచ్ గురించీ మాట్లాడాడు. బ్యాండు ఊసెత్తలేదు. బంద్ పని పూడ్చడానికి వచ్చిన శనివారం మధ్యాహ్నం, నా దగ్గరున్న వైర్లూ యాంప్ తీసుకుపోతానని, గిటార్ భుజాన వేసుకునే ఫ్లాటుకు వచ్చాడు. వాటిని తీసుకునేవాళ్లెవరికో ఫోటోలు కూడా పంపాడట.

"ఒకసారి వాయించి చూపించు, తర్వాత తీసుకెళ్లు," అన్నాను. కాదనలేక వాయించాడు. అయ్యాక నేను స్విచ్ ఆపి, యాంప్‌ను గోడవైపు నుంచి తిప్పాను. వేడి వాల్వులు పట్టుకోకూడదు, చల్లారాలి. ఆ చల్లారే సమయంలో చెప్పాలని ముందే అనుకున్నాను. ఇంకెప్పుడూ నోరు రాదని తెలుసు.

చెప్పాను. సెక్రటరీ గారు లిఫ్టు దగ్గర అన్నదీ, నేను తలూపిందీ, ట్రాన్స్‌ఫార్మర్ మాటా, పారేశానన్న మాటా, అన్నీ వరసగా చెప్పాను. చెప్పడం అయ్యాక బీరువా తెరిచి, పెద్ద వాల్వులు తెచ్చి, అడాప్టర్లు ఊడబెరికి, వాటి స్థానంలో గుచ్చాను. చూస్తుండగానే పని అయిపోయింది. ఒక్క పూటకోసం అతను బతిమాలిన పని అది.

స్విచ్ వేసి, వేడెక్కే దాకా ఆగాను. అతను ఈసారి యాంప్ మీద చెయ్యి పెట్టలేదు. తర్వాత గిటార్ తీసుకుని ఒకే ఒక్కసారి మీటాడు. వరస కాదు, ఊరికే ఒక తీగ. ఆ నాదం గదంతా నిండి, ఎంతసేపటికో గానీ తగ్గలేదు. తగ్గేదాకా అతను తల వంచుకునే విన్నాడు.

తిడతాడనుకున్నాను. మీ ఆంధ్రోళ్లంతా ఇంతే అంటాడని, ఆ మాట అంటే నాకు కొంత తేలికవుతుందని, సిగ్గులేకుండా ఎదురుచూశాను. అతను స్విచ్ ఆపి వైరు చుట్టుకుంటూ అడిగాడు.

"మంచిగ వాయిస్తవని అంటుంటివి గదన్నా నన్ను. అది గూడ గిట్లనేనా?"

"లేదు. అది నిజం. ఒట్టు," అన్నాను.

"ఏమో," అన్నాడు.

నేను అంతటితో ఆగలేదు. ఆ ఆదివారం నీ వేళ్లు చూశాను, ఒక్క స్వరం తప్పలేదు, అంత బాగా నువ్వు ఎప్పుడూ వాయించలేదు అన్నాను. అతను వింటూనే వైరు చుట్టడం పూర్తి చేశాడు. నా మొహంవైపు చూస్తూ విన్నాడు, కానీ ఆ చూపు మాటలు వినేవాడి చూపు కాదు. సరుకు మంచిదో కాదో తేల్చుకోలేక పక్కన పెట్టేసేవాడి చూపు.

ఆ వాయింపు విన్నవాడు లేడు. అన్నకు వినబడలేదు, జనానికి వినబడలేదు. అది బాగుందని చెప్పగలిగిన మనిషిని లోకంలో నేనొక్కణ్ణే, నా మాటకు విలువ లేకుండా చేసుకున్నదీ నేనే. యాంప్ ఒక పక్క ఎత్తబోతే, "వద్దు, నేను మోస్త," అన్నాడు. అంత బరువునూ ఒక్కడే పొట్టకు ఆనించుకుని, లిఫ్టు కోసం కూడా చూడకుండా, మెట్లమీద ఆగి ఆగి దిగాడు. ఆ తర్వాత వేరే కంపెనీకి మారాడు. గిటార్ ఇచ్చేశాడో, ఉంచుకున్నాడో నాకు తెలియదు. అడిగే అర్హత నాకు లేదు.